పాత డీడబ్ల్యూజీ డ్రాయింగులను ఉచిత సాఫ్ట్‌వేర్‌తో, స్కేల్ చెడకుండా పీడీఎఫ్ చేయడం ఎలా?

పాతషీట్లు

పన్నెండేళ్లుగా పోగైన 340 డీడబ్ల్యూజీ ఫైళ్లు (క్యాడ్‌లో, అంటే కంప్యూటరులో గీసిన డ్రాయింగులు) నా దగ్గర ఉన్నాయి. ఎక్కువ భాగం ఏ1 షీట్ల మీద 1:50, 1:100 స్కేళ్లలో గీసిన భవనాల ప్లాన్లు, మిగిలినవి ఏ3 మీద గీసిన వివర చిత్రాలు. ఇన్నాళ్లూ వాడిన క్యాడ్ సాఫ్ట్‌వేర్ చందా గడువు ముగిసింది. కొత్తగా గీసేదేమీ లేనప్పుడు, పాత షీట్లను పీడీఎఫ్ చేసుకోవడం కోసమే మరో ఏడాది చందా కట్టడం నాకు సమంజసంగా తోచలేదు. అందువల్ల ఒక ఉచిత వ్యూయర్‌లో తెరిచి, ఒక వర్చువల్ పీడీఎఫ్ ప్రింటరుకు పంపి చూశాను.

ఫైలు తయారైంది గానీ అందులో మూడు తప్పులు కనిపించాయి. 1:50 స్కేల్‌లో 6 మీటర్ల గోడ కాగితం మీద 120 మిల్లీమీటర్లు ఉండాలి. నాకు 58 వచ్చింది. పసుపు రంగు లేయర్‌లో ఉన్న గీతలు కంటికి ఆనడం లేదు, మిగిలినవన్నీ ఒకే మందంలో ఉన్నాయి. ఇనుప కడ్డీల వ్యాసం గుర్తు ఉండవలసిన ప్రతిచోటా ప్రశ్నార్థకం పడింది. ఈ షీట్లను చూసి రేపు ఎవరైనా మరమ్మతు పనికి దిగితే ఈ మూడింటిలో ఏ ఒక్కటైనా పెద్ద నష్టం తెస్తుంది. ఉచితంగా గానీ, ఒక్కసారి కొంత చెల్లించి ఊరుకునే పద్ధతిలో గానీ, నమ్మదగిన దారి ఏదైనా ఉంటే చెప్పగలరు.

స్కేలుబద్ద

ఆ 58 అనే అంకెలోనే మీ మొదటి ప్రశ్నకు జవాబు ఉంది. ఏ1 షీటు 594×841 మిల్లీమీటర్లు, ఏ3 షీటు 297×420 మిల్లీమీటర్లు. ఏ1ను ఏ3లో ఇమిడిస్తే ప్రతి గీతా సగమవుతుంది, కాబట్టి 120 కాస్తా 60 అయింది. మిగిలిన 2 మిల్లీమీటర్లను ‘ఫిట్ టు పేపర్’ మింగింది. అది ప్రింటరు అంచుల కోసం నాలుగు వైపులా కొంత వదిలేసి, ఆ లోపలి జాగాలోకి డ్రాయింగును కుదిస్తుంది. వర్చువల్ ప్రింటర్లు చాలావరకు ఉత్తరాలు, నివేదికల కోసం చేసినవి కాబట్టి వాటి జాబితాలో ఏ3ని మించిన షీటు తరచుగా ఉండదు.

విండోస్ వాడుతున్నట్లయితే, ఆటోక్యాడ్ తయారుచేసే ఆటోడెస్క్ సంస్థ ఉచితంగా ఇచ్చే డీడబ్ల్యూజీ ట్రూవ్యూ తీసుకోండి. దాని ప్లాట్ (ముద్రణ) తెరలో ప్రింటరు పేరు దగ్గర ‘డీడబ్ల్యూజీ టు పీడీఎఫ్’ ఎంచుకుంటే పెద్ద ఐఎస్ఓ షీట్లు కూడా జాబితాలోకి వస్తాయి. వాటిలో ‘ఫుల్ బ్లీడ్’ (అంచు వదలనిది) అని ఉన్న ఏ1ను ఎంచుకుని, ‘ఫిట్ టు పేపర్’ టిక్కు తీసేసి, లేఅవుట్ (కాగితం కొలతలో సర్దిన షీటు) నుంచి ప్లాట్ చేస్తున్నప్పుడు స్కేల్ 1:1 పెట్టండి. టైటిల్ బ్లాక్‌లో (షీటు వివరాలు రాసే గడిలో) 1:50 అని ఉంది కదా అని ఇక్కడ కూడా 1:50 పెట్టకూడదు. ఆ పని వ్యూపోర్ట్ (లేఅవుట్‌లో డ్రాయింగును స్కేల్ ప్రకారం చూపే కిటికీ) అప్పటికే చేసి ఉంటుంది. మీరు మళ్లీ చేస్తే షీటంతా తపాలా బిళ్లంత అవుతుంది.

కొత్తడ్రాఫ్టర్

నేను పని నేర్చుకుంటున్న చోట చాలా డ్రాయింగులకు లేఅవుట్లే లేవు. అంతా మోడల్ స్పేస్‌లోనే (అసలు కొలతల్లో గీసే చోటులోనే) గీసి, చుట్టూ టైటిల్ బ్లాక్‌ను పెద్దది చేసి పెట్టారు. పైగా కొన్ని మిల్లీమీటర్లలో, కొన్ని మీటర్లలో ఉన్నాయి. అలాంటివాటికి స్కేల్ ఎలా పెట్టాలి?

స్కేలుబద్ద

మిల్లీమీటర్లలో గీసినదైతే నేరుగా 1:50 పెట్టవచ్చు. మీటర్లలో గీసినదైతే కాగితం మీది 1 మిల్లీమీటరు డ్రాయింగులోని 0.05 యూనిట్లకు సమానమని ఇవ్వాలి, ఎందుకంటే 50 మిల్లీమీటర్లంటే 0.05 మీటరు. ఏ యూనిట్లో తెలియనప్పుడు ఏదైనా తలుపు వెడల్పు కొలిచి చూడండి. 900 వస్తే మిల్లీమీటర్లు, 0.9 వస్తే మీటర్లు, 35 చిల్లర వస్తే అంగుళాలు. ఫైలు హెడర్‌లో యూనిట్లను తెలిపే సంఖ్య ఒకటి ఉంటుంది (అంగుళాలకు 1, మిల్లీమీటర్లకు 4, మీటర్లకు 6). అయితే గీసినవారు దాన్ని పట్టించుకోకుండా వదిలేసిన ఫైళ్లను నేను ఎన్నో చూశాను, అందుకే తలుపునే నమ్ముతాను.

లినక్స్‌దారి

ట్రూవ్యూ విండోస్‌లో మాత్రమే నడుస్తుంది, అందువల్ల అది అందరికీ దారి కాదు. ఉచిత సాఫ్ట్‌వేర్‌కు డీడబ్ల్యూజీ ఎందుకు కొరుకుడు పడదో ముందుగా తెలుసుకుంటే మిగతా నిర్ణయాలు తేలికవుతాయి. డీడబ్ల్యూజీ ఆటోడెస్క్ సొంత ఫార్మాట్. దాని లోపలి నిర్మాణాన్ని ఆ సంస్థ ప్రచురించలేదు. డీఎక్స్ఎఫ్ అలా కాదు. ఇతర ప్రోగ్రాములతో ఇచ్చిపుచ్చుకోవడం కోసమే అది 1982లో ఆటోక్యాడ్ మొదటి విడుదలతోపాటు వచ్చింది, దాని వివరణ అందరికీ అందుబాటులో ఉంది. కాబట్టి డీడబ్ల్యూజీని ముందు డీఎక్స్ఎఫ్‌గా మార్చి, ఆ తర్వాత పీడీఎఫ్ చేయడం నా పద్ధతి.

మార్చడానికి ఓడీఏ ఫైల్ కన్వర్టర్ ఉంది. 1998లో ఏర్పడిన ఓపెన్ డిజైన్ అలయన్స్ దాన్ని ఉచితంగా ఇస్తుంది; విండోస్, మ్యాక్, లినక్స్ మూడింటిలోనూ నడుస్తుంది. ఫోల్డరు చూపిస్తే అందులోని ఫైళ్లన్నిటినీ ఒకే విడతలో మారుస్తుంది. స్వేచ్ఛా సాఫ్ట్‌వేరే కావాలనుకునేవారికి గ్నూ ప్రాజెక్టులోని లిబ్రెడీడబ్ల్యూజీ ఉంది.

ఏ ఫైలు ఏ కాలానిదో తెలుసుకోవడానికి క్యాడ్ అవసరం లేదు. డీడబ్ల్యూజీని మామూలు టెక్స్ట్ ఎడిటర్‌లో తెరిస్తే మొదటి ఆరు అక్షరాల్లోనే వెర్షన్ గుర్తు ఉంటుంది. ఏసీ1015 అంటే ఆటోక్యాడ్ 2000 ఫార్మాట్, ఏసీ1018 అంటే 2004, ఏసీ1021 అంటే 2007, ఏసీ1024 అంటే 2010, ఏసీ1027 అంటే 2013, ఏసీ1032 అంటే 2018. చూసి సేవ్ చేయకుండా మూసేయండి.

డీఎక్స్ఎఫ్ చేతికి వచ్చాక లిబ్రెక్యాడ్ అనే ఉచిత క్యాడ్ సాఫ్ట్‌వేర్‌లో తెరిచి, ప్రింట్ ప్రివ్యూలో కాగితం కొలత, స్కేల్, నలుపు-తెలుపు ఎంచుకుని పీడీఎఫ్‌గా ఎగుమతి చేయవచ్చు. కొత్త వెర్షన్లలో ఇదే పనిని కమాండ్ లైన్ నుంచి ఒకేసారి అనేక ఫైళ్లకు చేయించవచ్చు.

యంత్రభాగం

లినక్స్‌దారి గారు చెప్పిన మొదటి సగంతో ఏకీభవిస్తాను, రెండో సగంతో ఏకీభవించలేను. లిబ్రెక్యాడ్ చక్కని 2డీ సాఫ్ట్‌వేరే గానీ, ఆటోక్యాడ్‌లో ఉండే లేఅవుట్ షీట్లు అందులో లేవు. ఒకే షీటులో 1:50 ప్లాన్, పక్కనే 1:10 వివర చిత్రం వేర్వేరు వ్యూపోర్టుల్లో పెట్టి ఉంటే అది కోరినట్టు రాదు. పాతషీట్లు గారివి భవనాల ప్లాన్లు కాబట్టి అలాంటి షీట్లు తప్పకుండా ఉంటాయి.

తక్కువ ఖర్చు దారి కూడా అడిగారు కాబట్టి క్యూక్యాడ్ ప్రొఫెషనల్‌ను సూచిస్తాను. దాని కమ్యూనిటీ ఎడిషన్ ఉచితం. ప్రొఫెషనల్‌కు ఏటేటా చందా కాకుండా లైసెన్సు కొంటే చాలు. డీడబ్ల్యూజీని నేరుగా చదువుతుంది, దానితోపాటు డీడబ్ల్యూజీ నుంచి పీడీఎఫ్ చేసే కమాండ్ లైన్ పనిముట్టు కూడా వస్తుంది. కొనే ముందు పరీక్ష వెర్షన్‌లో మీ ఫైళ్లలో అన్నిటికంటే చిక్కైన అయిదింటిని తెరిచి చూడండి. తేలికైన ఫైళ్లు ఎక్కడైనా తెరుచుకుంటాయి, వాటితో పరీక్షించి ప్రయోజనం లేదు.

లినక్స్‌దారి

వ్యూపోర్టుల విషయంలో మీ దిద్దుబాటు సరైనదే, నేను ఆ పరిమితిని చెప్పి ఉండవలసింది. మోడల్ స్పేస్‌లోనే గీసిన షీట్లకు లిబ్రెక్యాడ్ చాలు, లేఅవుట్లు ఉన్నవాటికి ట్రూవ్యూ గానీ క్యూక్యాడ్ ప్రొఫెషనల్ గానీ వాడాలి. 340 ఫైళ్లను మొదటే ఈ రెండు కుప్పలుగా విడదీసుకుంటే పని సగం తగ్గుతుంది.

గీతమందం

రెండో తప్పు గురించి ఎవరూ మాట్లాడలేదు, నాకు అన్నిటికంటే బాధ కలిగించేది అదే. గీత మందం అలంకారం కాదు. కోతపడిన (ప్లాన్‌లో అడ్డంగా కోసినట్టు చూపిన) గోడ ఏది, దాని వెనక కనిపించే అంచు ఏది, కొలత గీత ఏది అన్న భేదం మందంలోనే ఉంటుంది. అన్నీ ఒకే మందంలో వస్తే అక్షరాలన్నీ కలిపేసి రాసిన వాక్యంలా ఉంటుంది ఆ డ్రాయింగు.

పాత ఆటోక్యాడ్ పద్ధతిలో మందం గీతలో ఉండదు, రంగులో ఉంటుంది. ఎరుపుకు 0.18, పసుపుకు 0.25, తెలుపుకు 0.5 మిల్లీమీటర్లు అన్నట్టుగా ఒక పట్టిక ఉంటుంది. అదే సీటీబీ ఫైలు. ఏ రంగుకు ఎంత మందం అన్నది ప్రతి కార్యాలయమూ తనకు తోచినట్టు పెట్టుకునేది. డీడబ్ల్యూజీలో ఆ పట్టిక పేరు మాత్రమే ఉంటుంది, పట్టిక ఉండదు. సీటీబీ లేని కంప్యూటరులో ప్లాట్ చేస్తే మందాలన్నీ పోయి, తెర మీది రంగులు అలాగే కాగితం మీదికి వస్తాయి. నల్లని తెర మీద మెరిసే పసుపు తెల్లని కాగితం మీద కనబడకపోవడానికి కారణం అదే. ‘మోనోక్రోమ్’ సీటీబీ ఎంచుకుంటే రంగులన్నీ నలుపవుతాయి, అయితే మందాలు తిరిగి రావు. ఆ పట్టిక గీతలను లేయర్‌లో ఉన్న మందానికే వదిలేస్తుంది.

స్కేలుబద్ద గారి లెక్కకు ఒక మాట చేరుస్తాను. సాంకేతిక డ్రాయింగుల ప్రమాణమైన ఐఎస్ఓ 128లో మందాల వరుస 0.13, 0.18, 0.25, 0.35, 0.5, 0.7, 1, 1.4, 2 మిల్లీమీటర్లు. ఒక్కొక్కటి ముందుదానికి రెండు వర్గమూలం రెట్లు. ‘ఏ’ శ్రేణి (ఏ1, ఏ2, ఏ3) కాగితాల కొలతలు పెరిగేది కూడా ఆ నిష్పత్తిలోనే. అందువల్ల ఏ1ను ఏ2కు తగ్గిస్తే 0.5 గీత 0.35 అవుతుంది, కొత్త మందం కూడా వరుసలోనే ఉంటుంది. అదే ఏ1ను ఏ3కు తగ్గిస్తే 0.18 గీత 0.09 అయి, వరుసలోని అతి సన్నని గీత కంటే కిందికి జారిపోతుంది. మీ సన్నని గీతలు మాయమవడంలో దాని పాత్ర కూడా ఉంది.

పాతషీట్లు

ఇప్పుడు అర్థమైంది. ఆ సీటీబీ పాత కంప్యూటరుతోపాటు పోయింది. దాన్ని మళ్లీ సంపాదించే మార్గం ఉందా?

గీతమందం

మీ దగ్గర ఆ రోజుల్లో తీసిన కాగితపు ప్లాట్ ఒక్కటైనా మిగిలి ఉంటే సంపాదించినట్టే. ఆ కాగితాన్ని, అదే డ్రాయింగును తెర మీద, పక్కపక్కన పెట్టుకోండి. ఒక్కో రంగు గీత కాగితం మీద ఎంత మందంగా పడిందో గీత మందాల గేజితో గానీ, భూతద్దం కింద సన్నని స్కేలుతో గానీ చూసి రాసుకోండి. సాధారణంగా ఏడెనిమిది రంగులకు మించి వాడి ఉండరు. ఆ విలువలతో కొత్త పట్టిక చేసుకుని, ఈసారి దాన్ని డ్రాయింగుల ఫోల్డరులోనే భద్రపరచండి.

ప్లాటర్‌గది

నేను చాలా ఏళ్లు ప్లాటరు (పెద్ద షీట్లు ముద్రించే యంత్రం) దగ్గరే పనిచేశాను, మూడో తప్పు గురించి చెప్పగలను. వ్యాసం గుర్తును పాత క్యాడ్‌లో రెండు శాతం గుర్తులు (%%) పెట్టి ‘సీ’ అక్షరం టైపు చేసి తెచ్చేవారు. డిగ్రీకి ‘డీ’, ± గుర్తుకు ‘పీ’. ఆ గుర్తును గీయవలసింది ఎస్‌హెచ్‌ఎక్స్ ఫాంటు. అది మామూలు ఫాంటు కాదు, పెన్ను ప్లాటర్లు ఒక్క గీతలో అక్షరాన్ని గీయడానికి చేసిన గీతల ఫాంటు. ఆ ఫైలు కూడా సీటీబీలాగే డీడబ్ల్యూజీ బయట ఉంటుంది. దొరకకపోతే ప్రోగ్రాము మరో ఫాంటును తెచ్చి పెడుతుంది. అందులో ఆ గుర్తు లేకపోతే ప్రశ్నార్థకమో ఖాళీ పెట్టో పడుతుంది.

ప్రశ్నార్థకం పడితే కనీసం తప్పు కనిపిస్తుంది, కనిపించని తప్పు ఇంకా ప్రమాదకరం. ఒకసారి నా చేతి మీదుగా వెళ్లిన షీటులో మారు ఫాంటు అక్షరాలు వెడల్పుగా ఉండటం వల్ల ఒక కొలతలోని చివరి సున్న పక్కనున్న గీత మీద ఎక్కి కనబడకుండా పోయింది. 1200 అన్నది 120గా చదివారు. పని మొదలుకాక ముందే ఒక మేస్త్రీ అనుమానపడి అడిగారు కాబట్టి సరిపోయింది. ఆ రోజు నుంచి ఫాంటు మారిందన్న హెచ్చరిక కనిపిస్తే నేను ప్లాట్ ఆపేసేవాడిని.

చేయవలసిన పని ఇది. ప్రోగ్రాము ఏ ఎస్‌హెచ్‌ఎక్స్ దొరకలేదని చెబుతోందో రాసుకోండి, పాత బ్యాకప్పుల్లో వెతికి డ్రాయింగు ఉన్న ఫోల్డరులోనే పెట్టండి. ఎంత వెతికినా దొరకనప్పుడు టెక్స్ట్ స్టైల్‌ను ట్రూటైప్ (కంప్యూటరులో మామూలుగా ఉండే) ఫాంటుకు మార్చండి, కానీ మార్చిన ప్రతి షీటునూ కళ్లతో చదవండి.

కొత్తడ్రాఫ్టర్

ఇంత శ్రమ ఎందుకన్న సందేహం కలుగుతోంది. ఫైలును ఎక్కిస్తే నిమిషంలో పీడీఎఫ్ ఇచ్చే వెబ్‌సైట్లు ఉన్నాయి కదా?

తాళంచెవి

ఆ భవనాలు ఎవరివో ఒకసారి ఆలోచించండి. ప్లాన్‌లో తలుపులు, మెట్లు, విద్యుత్ గది, నీటి ట్యాంకు అన్నీ ఉంటాయి. వాటిని గీయించుకున్నవారు ఆ కాగితాన్ని మన చేతికి నమ్మకంతో ఇచ్చారు. ఎక్కించిన ఫైలు ఎవరి సర్వరులో ఎంతకాలం ఉంటుందో మన అదుపులో లేనప్పుడు, అది మనం తీసుకోదగిన నిర్ణయం కాదు. నా దృష్టిలో ఇక్కడ చర్చకు తావు లేదు.

యంత్రభాగం

చర్చకు కొంత తావుందనే నేను అనుకుంటున్నాను. సొంతానికి గీసుకున్న బల్ల డ్రాయింగుకో, అందరికీ ప్రచురించిన నమూనాకో వెబ్‌సైటు వాడితే ఎవరికీ నష్టం లేదు. ఇతరుల డ్రాయింగుల విషయంలో మాత్రం తాళంచెవి గారి మాటే నా మాట.

లినక్స్‌దారి

గోప్యతను పక్కన పెట్టి చూసినా ఆ దారి పాతషీట్లు గారికి పనికిరాదు. గీతమందం గారు, ప్లాటర్‌గది గారు చెప్పిన సీటీబీ, ఎస్‌హెచ్‌ఎక్స్ రెండూ డీడబ్ల్యూజీ బయటే ఉంటాయి, ఎక్స్‌రెఫ్‌గా తగిలించిన ఇతర డ్రాయింగులు కూడా అంతే. ఒక్క డీడబ్ల్యూజీని ఎక్కిస్తే ఆ వెబ్‌సైటుకు ఇవేవీ చేరవు. స్తంభాల గ్రిడ్ వేరే ఫైలులో ఉంటే, గ్రిడ్ లేని ప్లాన్ చక్కగా పీడీఎఫ్ అయి వస్తుంది, తప్పు జరిగిందని ఎక్కడా చెప్పదు.

పాతషీట్లు

అందరి సూచనలూ కలిపి 12 ఫైళ్ల మీద ప్రయత్నించాను. లేఅవుట్లు ఉన్నవాటిని ట్రూవ్యూలో, మోడల్ స్పేస్ షీట్లను డీఎక్స్ఎఫ్ చేసి లిబ్రెక్యాడ్‌లో చేశాను. నా గోడ 120 మిల్లీమీటర్లకు వచ్చింది. పాత బ్యాకప్ డిస్కులో రెండు ఎస్‌హెచ్‌ఎక్స్ ఫాంట్లు దొరికాయి, వ్యాసం గుర్తులు తిరిగి వచ్చాయి. అయితే రెండు షీట్లలో కొత్త చిక్కు వచ్చింది. ఒకటి 48 ఎంబీ అయింది, తెరవడానికే చాలాసేపు పడుతోంది. రెండోదాన్ని పెద్దది చేసి చూస్తే గీతలు మెట్లుమెట్లుగా కనిపిస్తున్నాయి, మిగిలిన షీట్లు ఎంత పెద్దవి చేసినా నున్నగానే ఉన్నాయి.

వీటితోపాటు మరో ప్రశ్న. 26 షీట్లకు డీడబ్ల్యూజీ లేదు, కాగితాలే ఉన్నాయి. వాటిని స్కాన్ చేయాలి.

గీతమందం

మెట్లు కనిపిస్తున్న షీటు గీతలుగా కాకుండా చిత్రంగా మారిపోయింది. అందులో ఎక్కడో పారదర్శకత పెట్టిన హ్యాచ్ (స్థలాన్ని నింపే నమూనా) ఉండి ఉంటుంది. పారదర్శకతతో ప్లాట్ చేయమంటే కొన్ని ప్రోగ్రాములు షీటంతా చుక్కల చిత్రంగా మార్చి పీడీఎఫ్‌లో పెడతాయి. ప్లాట్ తెరలో ‘ప్లాట్ ట్రాన్స్‌పరెన్సీ’ టిక్కు తీసి మళ్లీ చేయండి. హ్యాచ్ కింద ఏదైనా రాత మునిగిపోతే ఆ హ్యాచ్‌ను వెనక్కు పంపండి.

యంత్రభాగం

48 ఎంబీ షీటులో దట్టమైన హ్యాచ్ ఉందేమో చూడండి. ఇసుక చుక్కల నమూనాను తప్పు స్కేల్‌తో పెద్ద స్థలంలో నింపితే లక్షల చిన్న గీతలు పుడతాయి, పీడీఎఫ్ వాటిలో ప్రతిదాన్నీ మోయాలి. హ్యాచ్ స్కేల్ పెంచితే ఫైలు తేలికవుతుంది. కాగితం మీద అది ఎలాగూ నల్లని మచ్చలాగే పడుతోంది కాబట్టి పోయేదేమీ లేదు.

స్కాన్‌బల్ల

ఆ 26 షీట్ల గురించి. ఏ1 షీటును అంగుళానికి 300 చుక్కల చొప్పున స్కాన్ చేస్తే 7,016×9,933, అంటే దాదాపు 7 కోట్ల చుక్కలు. రంగులో తీస్తే కుదించని ఫైలు 200 ఎంబీ దాటుతుంది. నలుపు-తెలుపులో ఒక్కో చుక్కకు ఒక్క బిట్ చొప్పున తీస్తే 9 ఎంబీ లోపే. దాన్ని గ్రూప్ 4 పద్ధతిలో కుదించి టిఫ్ చిత్రంగా దాచుకుంటే, ఒక్క చుక్క కూడా పోకుండా ఇంకా చాలా చిన్నదవుతుంది. తర్వాత ఐఎంజీ2పీడీఎఫ్ (img2pdf) అనే ఉచిత పనిముట్టు ఆ చిత్రాన్ని నాణ్యత తగ్గించకుండా పీడీఎఫ్‌లో పెడుతుంది. జేపెగ్ వద్దు. అది ఫొటోల కోసం చేసింది, సన్నని నల్లగీతల చుట్టూ బూడిద మరకలు పెడుతుంది.

అన్నిటికంటే ముఖ్యమైన జాగ్రత్త ఒకటి ఉంది. కొన్ని స్కానర్లు ఫైలును చిన్నది చేయడానికి జేబిగ్2 అనే పద్ధతి వాడతాయి. నష్టాన్ని అనుమతించే రకంలో, ఒకేలా కనిపించే అక్షరాలను ఒకే ముద్రగా భావించి, ఒకదాని చోట మరొకటి వేస్తుంది. 2013లో డేవిడ్ క్రీజెల్ అనే జర్మన్ కంప్యూటర్ శాస్త్రవేత్త దీన్ని బయటపెట్టింది ఒక భవనం ప్లాన్ వల్లే. కాగితం మీద మూడు గదుల వైశాల్యాలు 14.13, 21.11, 17.42 చదరపు మీటర్లు. స్కాన్‌లో మూడింటికీ 14.13 అని వచ్చింది. అంకెలు మసకగా లేవు, స్పష్టంగా, అందంగా, తప్పుగా ఉన్నాయి. అందుకే స్కానరులో ‘అధిక కుదింపు’ వంటి అమరికలు ఏవి ఉన్నా తీసేసి, స్కాన్ చేసిన షీటులోని కొలతలను కాగితంతో సరిచూడాలి.

కొత్తడ్రాఫ్టర్

స్కాన్ చేసిన షీటు మీద స్కేలు పెట్టి కొలవవచ్చా?

స్కాన్‌బల్ల

కొలవకూడదు. కాగితం తేమకు సాగుతుంది, మడతల దగ్గర కుంచించుకుపోతుంది, స్కానరు రోలరు లాగేటప్పుడు కొంత జారుతుంది. రాసి ఉన్న కొలతనే నమ్మాలి. షీటు మీద గ్రాఫిక్ స్కేల్ (బొమ్మగా గీసిన కొలబద్ద) గీసి ఉంటే దాన్ని నిలువుగా, అడ్డంగా కొలిచి ఎంత తేడా వచ్చిందో చూసుకోవచ్చు.

ప్లాటర్‌గది

పాత డిస్కుల్లో వెతుకుతున్నారు కాబట్టి పేరు చివర పీఎల్‌టీ అని ఉన్న ఫైళ్లు కనిపిస్తే పారేయకండి. అవి సాధారణంగా ప్లాటరుకు పంపిన హెచ్‌పీజీఎల్ (ప్లాటర్లకు అర్థమయ్యే భాష) ఆజ్ఞలు. వాటిలో ఒక యూనిట్ 0.025 మిల్లీమీటరు, అంటే మిల్లీమీటరుకు 40. పెన్ను ఎక్కడ దించాలి, ఎక్కడ ఎత్తాలి అన్నదంతా కాగితం కొలతలోనే రాసి ఉంటుంది. ఎస్‌హెచ్‌ఎక్స్ అక్షరాలు కూడా అప్పటికే గీతలుగా మారి ఉంటాయి. ఆనాడు ప్లాట్ అయిన షీటుకు అంతకంటే నమ్మకమైన నకలు దొరకదు, దాని నుంచి పీడీఎఫ్ చేసే ఉచిత పనిముట్లు ఉన్నాయి.

పాతషీట్లు

మీరు చెప్పాక వెతికితే 26లో 9 షీట్లకు పీఎల్‌టీ ఫైళ్లు దొరికాయి. కృతజ్ఞతలు.

స్కేలుబద్ద

పంపే ముందు చేసే పరీక్ష గురించి కూడా చెబుతాను. పీడీఎఫ్‌లో కొలత అంగుళంలో 72వ వంతు చొప్పున, అంటే పాయింట్లలో ఉంటుంది. ఏ1 షీటు అయితే 1684×2384 పాయింట్లు రావాలి. పాప్లర్ అనే ఉచిత పీడీఎఫ్ సాఫ్ట్‌వేర్‌తో వచ్చే పీడీఎఫ్ఇన్ఫో అనే చిన్న పనిముట్టు ఆ సంఖ్యలను చూపిస్తుంది; 340 ఫైళ్ల పేజీ కొలతలను ఒకే జాబితాగా తీసుకుంటే తేడా ఉన్నవి వెంటనే బయటపడతాయి. అదే కోవలోని పీడీఎఫ్ఫాంట్స్ ఏ ఫాంటు ఫైలులో ఇమిడి ఉంది, ఏది లేదు అన్నది చెబుతుంది.

పేజీ సరిగా ఉన్నంత మాత్రాన ముద్రణ సరిగా ఉంటుందని హామీ లేదు. అందుకునేవారి ప్రింట్ తెరలో ‘ఫిట్’ ఎంపికై ఉంటే మీ శ్రమంతా బూడిదలో పోసిన పన్నీరే. ‘యాక్చువల్ సైజ్’ అని పెట్టమని చెప్పండి. అంతకంటే మంచిది, ప్రతి షీటులో 100 మిల్లీమీటర్ల గ్రాఫిక్ స్కేల్ గీయడం. షీటు ఎంత కుదించినా అది కూడా అంతే కుదించుకుపోతుంది కాబట్టి కొలిచేవారు మోసపోరు.

తాళంచెవి

దీర్ఘకాలం దాచడానికి పీడీఎఫ్/ఏ అనే రకంగా చేయాలని అంటారు. అది తప్పనిసరా?

లినక్స్‌దారి

తప్పనిసరి కాదు గానీ మంచిదే. అయితే ఏ రకమన్నది చూసుకోవాలి. 2005లో వచ్చిన మొదటి పీడీఎఫ్/ఏలో పారదర్శకతకు, ఆర్పి వెలిగించే లేయర్లకు అనుమతి లేదు. 2011లో వచ్చిన రెండోదానిలో రెండూ ఉన్నాయి. లేయర్లు ఉంచుకోవాలంటే రెండోదే ఎంచుకోవాలి. ఇంజినీరింగ్ డ్రాయింగుల కోసమే పీడీఎఫ్/ఈ అనే ప్రమాణం 2008లో వచ్చినా, ఉచిత పనిముట్లలో దానికి ఆదరణ కనిపించలేదు.

షీట్లను ఒకే ఫైలుగా కలపడానికి క్యూపీడీఎఫ్ అనే ఉచిత పనిముట్టు వాడండి. అది పేజీలను ఉన్నవి ఉన్నట్టుగా చేరుస్తుంది. గోస్ట్‌స్క్రిప్ట్ కూడా కలుపుతుంది గానీ ఫైలును మొత్తం తిరగరాస్తుంది. అమరికలు చూసుకోకపోతే స్కాన్ చేసిన షీట్ల చుక్కలను తగ్గించేస్తుంది.

యంత్రభాగం

పీడీఎఫ్ అయ్యాయి కదా అని డీడబ్ల్యూజీలను తీసేయకండి, వాటితోపాటు డీఎక్స్ఎఫ్ నకళ్లను కూడా ఉంచుకోండి. ఒకప్పుడు నేను ఉచితంగా వాడిన క్యాడ్ సాఫ్ట్‌వేర్ ఒక గడువు తేదీ తర్వాత తెరుచుకోవడమే మానేసింది. డీఎక్స్ఎఫ్‌లు పక్కన ఉన్నాయి కాబట్టి మరుసటి రోజే వేరే సాఫ్ట్‌వేర్‌లో పని కొనసాగించగలిగాను.

పాతషీట్లు

ఆరు వారాల తర్వాత మళ్లీ రాస్తున్నాను. 340 ఫైళ్లలో 313 పూర్తయ్యాయి. సగానికి పైగా ట్రూవ్యూలోనే అయ్యాయి, మోడల్ స్పేస్ షీట్లను లిబ్రెక్యాడ్ కమాండ్ లైన్ నుంచి రెండు రాత్రుల్లో చేయించాను. క్యూక్యాడ్ పరీక్ష వెర్షన్ బాగానే పనిచేసింది గానీ ఇంకా కొనలేదు. గీతమందం గారు చెప్పినట్టు పాత ప్లాట్ ఒకటి ముందు పెట్టుకుని ఎనిమిది రంగులకు సీటీబీ మళ్లీ కట్టాను. ఇప్పుడు కోతపడిన గోడలు కోతపడినట్టే కనిపిస్తున్నాయి. స్కాన్ చేసిన 17 షీట్లలో కొలతలన్నిటినీ కాగితంతో పోల్చి చూశాను, తేడా ఎక్కడా రాలేదు.

మిగిలిన 27 ఫైళ్లలో ఎక్స్‌రెఫ్‌లు దొరకడం లేదు. వాటి పేర్లు రాసుకుని పాత సహోద్యోగులను అడుగుతున్నాను. అవి దొరికేవరకు ఆ 27 షీట్లను పీడీఎఫ్ చేయకుండా విడిగానే ఉంచుతాను.

ప్లాటర్‌గది

అలా విడిగా ఉంచడమే సరైన పని. ఎక్స్‌రెఫ్ పేరు చివర తేదీ ఉంటే, ఆ తేదీకి దగ్గరగా ఉన్న ఇతర ప్రాజెక్టుల ఫోల్డర్లలో కూడా వెతకండి; గ్రిడ్ ఫైళ్లను ఒక ప్రాజెక్టు నుంచి మరో ప్రాజెక్టుకు నకలు చేసుకోవడం మా రోజుల్లో మామూలే.